విప్పచెట్టు కింది సమర్త

మా ఊరి ముత్యాలమ్మను ముట్టుకోవాలంటే ఆడదానికి ముందు నెత్తురు ఆగిపోవాలి. మగవాడికి ఏ షరతూ లేదు. అతనికి అసలు ఆ పనే లేదు కాబట్టి. విప్పచెట్టు కింద ఉన్న రాయిని కడగడం, పసుపు రాయడం, బొట్లు పెట్టడం, జాతర నాడు మొదటి బోనం ఎత్తడం, ఇవన్నీ ముట్లుడిగిన ఆడదాని పనులు. మిగతా ఆడవాళ్ళం దూరంగా నిలబడి దండం పెట్టుకోవాలి. ఈ నియమం ఎవరు పెట్టారని అడిగితే అమ్మే పెట్టిందంటారు. ఎప్పుడు చెప్పిందని అడిగితే నన్ను వాదులాటకు వచ్చిన మనిషిలా చూస్తారు. ఆ మాట నిజమే, నేను వాదులాటకే అడుగుతాను.

నేను గోదావరి బ్రిడ్జికి అవతల, భద్రాచలంలో ఒక ప్రైవేటు కాలేజీలో సివిక్స్ చెబుతాను. మా ఊరు ఇవతల, సారపాక కాగితం మిల్లుకు జామాయిల్ మొద్దులు మోసే లారీలు తిరిగే రోడ్డు మీద. ఊరు దాటితే జామాయిల్ తోటలు, అవి దాటితే అడవి. ఏటా మహిళా దినోత్సవం నాడు కాలేజీకి ఎవరో ఒకాయన వచ్చి స్త్రీ అంటే శక్తి స్వరూపిణి అని గంటసేపు చెబుతాడు. ఆ గంటసేపూ నాకు మా వదినే గుర్తొచ్చేది. ఈ మధ్య ఆ ఉపన్యాసాలకు కూర్చోవడం మానేశాను.

వదిన అంటే మా ఆయన పెద్దక్క. పిల్లలు పుట్టలేదని అత్తవారు తిప్పి పంపేసిన మనిషి. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే వెనక వసారాలో ఆమె మంచం, ఆమె రేకుపెట్టె ఉన్నాయి. ఊళ్ళో సీమంతాలకు, బారసాలలకు ఆమెను పేరంటానికి పిలిచేవారు కాదు. వంటకు మాత్రం పిలిచేవారు. ఆమె వండింది అందరికీ పనికొచ్చేది, ఆమె ఎదురు రావడం మాత్రం ఎవరికీ పనికొచ్చేది కాదు. నేను ఆ మాట ఒకసారి ఒక బారసాలలో అందరి ముందూ అనేస్తే, ఇంటికొచ్చాక వదినే నన్ను తిట్టింది. "నీ నోటికి దండం పెడత పంతులమ్మా. పొయ్యికాడికన్న పిలుస్తుండ్రు. గది గూడ లేకుండ జేస్తవా?"

రాయి కడిగే ముసలమ్మ చనిపోయిన ఏడాది జాతరలో, డప్పులు మోగుతుండగా అమ్మ వదిన మీదికి వచ్చింది. అప్పటిదాకా ఆమె గొంతు పెంచగా నేను వినలేదు. ఆ రోజు ఆమె కేకకు డప్పులు ఆగాయి. మర్నాడు ఊరి ముసలమ్మలు వసారాలోకి వచ్చి, ఆమె మంచం మీదే కూర్చుని, "ఆగినయా?" అని ఒకే మాట అడిగారు. వదిన "అవ్" అంది. అంతే. ఆ ఉదయం నుంచి రాయి ఆమెది.

మనిషి మారిపోయింది. వీధిలో ఎదురొస్తే పక్కకు తప్పుకునేవాళ్ళు ఇప్పుడు ఆగి పసుపు పెట్టించుకునేవారు. పురిటి స్నానాలకు మొదటి పిలుపు ఆమెకే. పొద్దున్నే బిందె చంకన పెట్టుకుని విప్పచెట్టు దగ్గరకు వెళ్ళి, రాయి కడుగుతూ అమ్మతో తోటికోడలితో మాట్లాడినట్టు మాట్లాడేది. "ఏందమ్మా, ఇయ్యాల మొకం గుంజుకున్నవ్? రాత్రి లారీలోళ్ళు నిద్ర వోనియ్యలేదా?" అనేది. "నాగ్గూడ గంతే. జరుగు, ఈపు రుద్దుత." నేను కాలేజీ బస్సు కోసం నిలబడి వింటూ ఉండేదాన్ని. మా ఇంట్లో మేమెవరం ఆమె వీపు రుద్దినవాళ్ళం కాదు.

నాకు దేవత మీద కోపం లేదు. నా కోపం లెక్క కుదరని చోట. అమ్మకు ఎర్రచీర కావాలి, ఎర్ర గాజులు కావాలి, ఒళ్ళంతా కుంకుమ కావాలి, కోడి నెత్తురు ధారగా కావాలి. ఒక్క ఆడదాని నెత్తురే ఆమెకు మైల. ఈ మాట వదినతో అంటే నవ్వేది. "ఆమెకు మైల గాదే, మీ మొగోళ్ళకు. ఆమె ఎన్నడన్న నాతోని అన్నదా?" మరి నువ్వెందుకు ఒప్పుకున్నావు, ముట్లుండగా ఎందుకు వెళ్ళలేదు అంటే, "నువ్వు చదువుకున్నవు, అడుగుతవు. నాకు రాయి గావాలె. అడుగుడు కాదు," అనేది.

ఒక సంక్రాంతి సెలవుల్లో ఇద్దరం పర్ణశాల వెళ్ళాం. అక్కడ గైడు సీతమ్మ స్నానం చేసిన వాగు చూపించాడు, ఆమె నారచీర ఆరేసిన బండ చూపించాడు, పసుపు రాళ్ళు, కుంకుమ రాళ్ళు చూపించాడు. ఆమె ఒళ్ళు కడుక్కున్నది, బట్ట ఆరేసుకున్నది, బొట్టు పెట్టుకున్నది అన్నిటికీ ఆనవాళ్ళు ఉన్నాయి. ఆమె అరిచిన చోటు ఏదని నేను అడిగాను. అతను రావణుడి కథలోకి వెళ్ళిపోయాడు. వదిన మాత్రం ఆ చిన్న గుడిసెలోకి వంగి చూసి, యాత్రికుల మధ్య నిలబడి నిదానంగా అడిగింది. "బిడ్డా, గింత గుడిసెల సీతమ్మ ముట్టయితే యాడ గూసుండేది?" గైడు చెవులు ఎర్రబడ్డాయి. తిరుగు దారిలో ఆటోలో ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వాం. వదిన అలా నవ్వడం నాకు అదే చివరిసారి గుర్తు.

ఆ తర్వాతి వేసవిలో, ఊళ్ళో సగంమంది తునికాకు కోతకు అడవిలోకి వెళ్ళిన రోజుల్లో, దండెం మీద వదిన చీర ఆరేసి ఉంది. మొగులు పట్టిందని తీయబోయాను. చీర కింద, బయటికి కనబడకుండా, పాత లంగా చించిన గుడ్డలు ఆరేసి ఉన్నాయి. ఎంత ఉతికినా వదలని మరక. ఆడపుట్టుక పుట్టిన ఎవరికైనా చీర కింద ఆరేసిన గుడ్డ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మా ఇంట్లో ముట్లు ఉన్నదాన్ని నేనొక్కదాన్నే, నేను గుడ్డలు వాడను.

వసారాలోకి వెళ్ళి అడిగాను. "వదినా, మళ్ళీ కనబడుతోందా?"

ఆమె తమలపాకుకు సున్నం రాసుకుంటోంది. తల ఎత్తలేదు. "ఏం కనపడుతది?"

"గుడ్డలు చూసిన."

"చూస్తే చూసినవ్. మెల్లగ మాట్లాడు."

ముట్లుడిగాక నెత్తురు కనబడటం మంచిది కాదని, అది లోపల జబ్బని, రేపే భద్రాచలం దవాఖానాకు పోదామని చెప్పాను. ఆమె ఆకు మడిచి నోట్లో పెట్టుకుంది.

"దవాఖానకు పోతే చీటీ రాస్తరు. ఏమైందని ఆశా వర్కరు ఇంటికొస్తది. గామె ఎవరి కోడలు? ఈ ఊరి కోడలే గద. పొద్దు గూకేసరికి ఊరంత తెలుస్తది. తెల్లారి రాయికాడ ఇంగొకతి ఉంటది."

"ఉంటే ఉండనీ. నువ్వు బతకాలి కదా!"

అప్పుడు తల ఎత్తింది. "ఇన్నేండ్లు ఈ వసారల బతకలేదా? గట్లనా? జాతర ఎల్లనియ్యి. ఎల్లినంక నువ్వు యాడికంటే ఆడికొస్త."

నేను ఊరుకునే రకం కాదు. ఆ సాయంత్రమే మా ఆయనకు చెప్పాను. ఆయన చెవులు మూసుకున్నంత పని చేశాడు. "అక్కతోని నేనెట్ల మాట్లాడ్త గా ముచ్చట?" అన్నాడు. చివరికి నా పోరు పడలేక గుమ్మంలో నిలబడి, నేల చూస్తూ, "అక్కా, పానం మంచిగుంటుందా?" అని మాత్రం అడిగాడు. వదిన నవ్వి, "మంచిగనే ఉన్నరా. నీ పెండ్లానికి నేను అమ్మకాడ ఉంటే కండ్ల మంట. గుడ్డలు తనయే, నా మీద పెడుతున్నది," అంది. ఆయన నా వైపు తిరిగి చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. తన అక్క అబద్ధం ఆడుతోందని తెలియనివాడు కాదు. నమ్మడం తేలిక కనుక నమ్మాడు. నేను చెయ్యి పట్టుకుని లాగాను, అరిచాను, అన్నం మానేశాను. వదిన రెక్క విడిపించుకుని బిందె తీసుకుని విప్పచెట్టు దగ్గరకు వెళ్ళిపోయింది. ఎదిగిన మనిషిని మోసుకుపోలేం కదా.

తొలకరి పడ్డాక జాతర వచ్చింది. అప్పటికి వదిన చెంపలు లోపలికి పోయాయి. ఉపవాసాలు చేస్తోంది, అందుకే చిక్కిందన్నారు. మధ్యాహ్నం ఎండ పొడిగా కాస్తోంది. అడవి ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చారు, వాళ్ళ భాష వేరే, మొక్కు ఒకటే. మా పక్కింట్లో చర్చికి పోయే ఆమె కూడా, లోపలికి రాను అంటూనే, రోడ్డు అంచున గొడుగేసుకుని నిలబడింది. వదిన మొదటి బోనం ఎత్తింది. విప్పచెట్టు దగ్గరికి వచ్చేసరికి డప్పు దరువు మారింది. బోనం ఎవరో అందుకున్నారు. అమ్మ వచ్చింది.

జుట్టు విప్పుకుని ఆడుతోంది. జనం అడిగేవి అడుగుతున్నారు, ఆమె చెబుతోంది. అప్పుడు ఆమె పాదాల దగ్గర తడి మట్టి మీద ఎర్రగా కనిపించింది. ముందు అందరూ కుంకుమ నీళ్ళనుకున్నారు. తర్వాత మడమల మీదుగా కారడం చూశారు.

డప్పు ఆగింది. నేను జనాన్ని తోసుకుని ముందుకు పోతున్నాను. ఊరి పెద్దమనిషి, కమిటీ నడిపేవాడు, నోరు తెరిచాడు. ఆయన ముఖంలో ఉన్నది అసహ్యం. మైలమనిషి రాయి ముట్టిందనే మాట ఆయన నాలుక మీదే ఉంది, నాకు తెలుసు. ఆ మాట వచ్చి ఉంటే బాగుండేది. వదినను తిట్టేవారు, తరిమేవారు, నేను అటునుంచి అటే ఆటో ఎక్కించి తీసుకుపోయేదాన్ని. కానీ ఆయన కంటే ముందు, గుంపులోంచి ఒక ముసలమ్మ రెండు చేతులూ పైకెత్తి కేక వేసింది.

"అమ్మ పెద్దమనిషయింది! నా తల్లి సమర్తాడింది!"

తర్వాత ఆడవాళ్ళంతా ఆ మాట అందుకున్నారు. పెద్దమనిషి నోరు మూసుకున్నాడు, చుట్టూ చూశాడు, వంగి ఆ ఎర్రమట్టి వేలితో తీసి నొసట పెట్టుకున్నాడు. ఇంతకాలం నేను వాదించిన వాదం నా కళ్ళ ముందే గెలిచింది. ఆడదాని నెత్తురుకు ఊరు ఊరంతా సాగిలపడింది. అది వదిన ప్రాణం తీసే నెత్తురు.

"అది అమ్మది కాదు, మనిషిది! ఆమెకు జబ్బు చేసింది, దవాఖానకు తీస్కపోవాలె," అని అరిచాను.

"నోరు ముయ్యమ్మా," అన్నాడు పెద్దమనిషి. "సివిక్సు కాలేజీల చెప్పుకో."

మా ఊళ్ళో పిల్ల పెద్దమనిషైతే తాటాకులు పరిచి, ఒక మూల కూర్చోబెట్టి, నువ్వులు బెల్లం దంచిన చిమ్మిలి తినిపిస్తారు. పేరంటాళ్ళు వచ్చి పాటలు పాడతారు. పీట మీద నీళ్ళు పోసేదాకా ఆ పిల్ల గడప దాటకూడదు. అదంతా వదినకు చేశారు. విప్పచెట్టు కింద పచ్చి తాటాకులతో పందిరి వేసి, తాటాకుల మీద కూర్చోబెట్టారు. నెరిసిన జుట్టుకు పూలు కట్టారు. ఏ ఇళ్ళలో ఆమెను పేరంటానికి పిలవలేదో ఆ ఇళ్ళ ఆడవాళ్ళే వరసగా వచ్చి చిమ్మిలి ముద్దలు నోట్లో పెట్టి, చెంపలకు పసుపు రాసి, బుగ్గ గిల్లి పాటలు పాడారు. నేను రోజూ పోయి పందిరి ముందు కూర్చుని గొడవ పెట్టుకున్నాను. నన్ను లాగి అవతల కూర్చోబెట్టారు. మా ఆయన వచ్చి, దండం పెట్టి, పోయాడు.

పందిట్లోకి దూరి ఒకసారి ఆమె చెవిలో అడిగాను. "వదినా, లే. నా కోసం లే."

పసుపు ముఖంతో ఆమె నన్ను చూసింది. అమ్మ కాదు, వదినే. "పాట అయిపోనియ్యే," అంది.

నీళ్ళు పోసిన రోజున పీట మీద నుంచి లేవబోయి పడిపోయింది. అప్పుడు ఎవరూ అడ్డం రాలేదు. అమ్మ ఒంటి మీంచి దిగాక మిగిలింది మా వదిన కదా, వదినతో వాళ్ళకేం పని.

భద్రాచలం దవాఖానాలో డాక్టరమ్మ చేతి తొడుగులు తీస్తూ, ఎప్పటి నుంచి అని అడిగింది. వదిన, "మొన్న జాతర కాడ్నుంచి," అంది. నేను, "అబద్ధం, తునికాకు కోత అప్పటి నుంచి," అన్నాను. వదిన గోడ వైపు తిరిగి, "దసరా కాడ్నుంచి," అంది. అంటే పర్ణశాలలో, ఆటోలో, పొట్ట పట్టుకుని నవ్వినప్పుడు కూడా. డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచి, గర్భసంచి ముఖద్వారం దగ్గర మొదలై పక్కలకు పాకిందని, ఖమ్మం తీసుకుపోయినా చేసేది తక్కువని చెప్పింది.

ఖమ్మంలోనూ అదే మాట చెప్పి పంపారు. చివరి నెలలు వసారాలో. నేను పొద్దున ఆమెను కడిగి కాలేజీకి పోయేదాన్ని, వచ్చి మళ్ళీ కడిగేదాన్ని. ఆ వాసన గురించి రాయను. ఊరి ఆడవాళ్ళు వచ్చేవారు, గుమ్మం దగ్గరే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, దండం పెట్టి పోయేవారు. ఒకరోజు వీపు రుద్దుతుంటే నాకు కోపం ఆగలేదు.

"నీకు తెలుసు కదా వదినా, అది అమ్మది కాదని."

"తెల్వకేం. నా నెత్తురు నాకు తెల్వదా?"

"మరెందుకు కూర్చున్నావు? ఒక్కమాట అంటే పోయేది కదా!"

ఆమె గోడకు చెయ్యి ఆనించి కాస్త పక్కకు ఒరిగింది.

"నేను పెద్దమనిషైననాడు మా నాయిన సచ్చిపోయిండు. ఇంట్ల శవం. నన్ను గొడ్ల కొట్టంల తోలిండ్రు. ఎవ్వరు చిమ్మిలి పెట్టలే, పాట పాడలే. యాదికి కూడ లేదు ఎవ్వరికి." ఊపిరి తీసుకుంది. "నువ్వు పాడితివా? నువ్వు లొల్లి వెట్టుకుంటివి. నీ లొల్లి మంచిదేలే. గని పాట గాదు గద."

గుడ్డ మళ్ళీ తడిపి, పిండి, వీపు రుద్దడం మొదలుపెట్టాను.

వానలు వెనకబట్టాక వదిన పోయింది. జబ్బుతో పోయిందని ఊళ్ళో ఎవరూ అనరు. అమ్మలో కలిసిందంటారు. మాసికం కూడా కాకముందే విప్పచెట్టు కింద పెద్ద రాయి పక్కన ఒక చిన్న రాయి పాతి, దానికీ పసుపు రాశారు. బతికుండగా వసారా, చచ్చాక రాయి. ఇప్పుడు పిల్లలు లేనివాళ్ళు ఆ చిన్న రాయి పక్కనున్న కొమ్మకు ఎర్రగుడ్డ కట్టి మొక్కుకుంటున్నారు. కడుపు పండుతుందట. ఆ కొమ్మ కింద నిలబడి ఒకరోజు నేను పిచ్చిదానిలా నవ్వాను, వింటే వదిన కూడా నవ్వేదే.

ఈ ఏడు నాకూ ఆగిపోయాయి. ఇలాంటివి ఎలా తెలుస్తాయో తెలియదు, ముసలమ్మలు వసారాలోకి వచ్చి వదిన మంచం మీద కూర్చున్నారు.

"ఆగినయా?"

"ఆగినయి. ఐతే?"

"ఇంటి మర్యాద. మీ వదినె ఉన్న ఇల్లు. రాయి నువ్వు కడగాలె."

"నాకు నమ్మకం లేదని తెల్వదా మీకు?"

ఆ రోజు జాతరలో మొదటి కేక వేసిన ముసలమ్మే చెయ్యి విసిరింది. "నీ నమ్మకం ఎవరడిగిండ్రే? కడుగుడు వచ్చా రాదా?"

ఒప్పుకున్నాను. మా ఆయన ఆశ్చర్యపోయాడు. నేను ఆశ్చర్యపోలేదు. పొద్దున్నే బిందె తీసుకుపోయి పెద్ద రాయిని కడుగుతాను, ఏమీ మాట్లాడను. చిన్న రాయిని కడిగేటప్పుడు మాత్రం వీపు అనుకున్నవైపు కాస్త ఎక్కువసేపు రుద్దుతాను. అది మాత్రం భక్తి అనుకుంటే అనుకోండి.

మొన్న జాతరలో బోనాల ఆడవాళ్ళంతా వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరికీ నేనే బొట్టు పెట్టాలి. తలలు నెరిసిన ప్రతి మనిషినీ బొట్టు పెడుతూ చెవి దగ్గర అడిగాను. "ఆగినంక మళ్ళ నెత్తురు కనపడుతుందా?"

"ఛీ ఛీ! అమ్మ ముందర అవేం మాటలే!" అంది ఒకావిడ. "సివిక్సు మేడమ్‌కు సిగ్గు లేదు," అంది ఇంకొకావిడ, అందరికీ వినబడేలా. కమిటీ పెద్దమనిషి అటునుంచి గొంతు సవరించుకున్నాడు. నేను బొట్టు ఆపలేదు, అడగడం ఆపలేదు. లేదు, లేదు, ఛీ, లేదు.

వరస చివర్లో అడవి అంచు ఊరి నుంచి వచ్చిన ఒకామె ఉంది. వదిన వయసుదే. వేలు నొసటికి ఆనించి అదే మాట అడిగాను. ఆమె తిట్టలేదు, లేదనలేదు. నా ముఖంలోకి చూసి, వెంటనే కళ్ళు దించేసుకుంది.

నెత్తి మీది బోనాన్ని రెండు చేతులతో ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.